పన్ను లేని పుస్తకం – ఎవరిచ్చే చౌక?

సాహిత్య విమర్శలో పుస్తకం ధర ప్రసక్తి తేవటం మన విమర్శకులకు అలవాటు లేదు. వస్తువు గురించి రాస్తారు, రూపం గురించి రాస్తారు, రచయిత దృక్పథం ఏ వర్గానికి మేలు చేస్తుందో తేల్చి చెబుతారు. ఆ రచన అచ్చయి, కట్టలు కట్టి, ఒక వూరి నుంచి మరో వూరికి ప్రయాణం చేసి, ఎవరో ఒకరు డబ్బిచ్చి కొని చదివితే తప్ప దానికి సామాజిక ప్రయోజనం లేదన్న సంగతిని మాత్రం ప్రచురణ సంస్థల గుమాస్తాలకు వదిలేస్తారు. సమాజంలోని ఉత్పత్తి సంబంధాలను గురించి ఇంత మాట్లాడే వాళ్లు, తమ చేతిలోని పుస్తకం ఏ సంబంధాల్లో చేతులు మారుతున్నదో చూడకపోవటం వింత.

ఇవాళ ఆ సంగతి చూడక తప్పదు. గోదావరిఖనిలో గాని, రామగుండంలో గాని, సింగరేణి కాలనీల్లో వుండే విద్యార్థి పుస్తకం కావాలంటే ముందు ఫోను తీస్తాడు. ఒకే పుస్తకం నాలుగు ఆన్‌లైన్ అంగళ్లలో నాలుగు ధరలకు కనిపిస్తుంది. బజారులో షాపతను అట్టమీది ధరలో పదో వంతు తగ్గిస్తే అక్కడ మూడో వంతు తగ్గవచ్చు. "అన్నా, ఫోన్ల ఇంకా తక్కువకే చూపెడుతున్నది గదా!" అని షాపులో నిలబడి అడిగే కుర్రవాడిలో తప్పేమీ లేదు. వాడి జేబులో వున్న డబ్బు అంతే. షాపతని ముఖం చిన్నబోవటంలోనూ తప్పు లేదు. అతను ఆ పుస్తకం కొన్న ధరే దాదాపు అంత.

దీని మీద మన మేధావుల్లో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. పాఠకుడికి చౌకగా దొరుకుతున్నది గనక ఇది ప్రజాస్వామికమైన మార్పేనని కొందరి వాదం. పుస్తకాల షాపుల సంస్కృతి నశించిపోతున్నదని మరికొందరి విలాపం. మొదటి వాళ్లు ధర చీటీ చూసి ఆగిపోతారు, రెండో వాళ్లు షాపు బోర్డు చూసి ఆగిపోతారు. ఆ తగ్గింపు డబ్బు ఎవరి జేబులో నుంచి వస్తున్నదని ఇద్దరూ అడగరు. అసలు అడగవలసిన ప్రశ్న అదే.

ఆన్‌లైన్ పుస్తక వ్యాపారం అమెరికాలో పుట్టింది. అక్కడ మొదటి తగ్గింపు పన్నులోనుంచే వచ్చింది. పట్టణంలో షాపు పెట్టుకున్న పుస్తకాల వ్యాపారి ఆ రాష్ట్రపు అమ్మకపు పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. పొరుగు రాష్ట్రం నుంచి తపాలాలో పంపే వ్యాపారికి ఆ బాధ్యత లేదు. రాష్ట్రంలో తనకు షాపో, గిడ్డంగో, మనిషో లేకపోతే అతని చేత పన్ను వసూలు చేయించే అధికారం ఆ రాష్ట్రానికి లేదని అక్కడి సుప్రీంకోర్టు 1967లో ఒకసారి, 1992లో క్విల్ కేసులో మరోసారి చెప్పింది. కొన్నవాడు తనంతట తాను ఆ పన్ను లెక్కగట్టి చెల్లించాలని చట్టంలో వున్నది గాని, చెల్లించినవాళ్లు బహు తక్కువ.

అమెజాన్ 1994లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టింది. జనాభా ఎక్కువ వున్న రాష్ట్రంలో కంపెనీ పెడితే ఆ జనమందరి దగ్గరా పన్ను వసూలు చెయ్యాల్సి వస్తుంది గనక చిన్న రాష్ట్రం చూసుకున్నామని దాని స్థాపకుడే చెప్పుకున్నాడు. ఏడెనిమిది శాతం పన్ను వున్న చోట ఆ ఏడెనిమిది శాతం, ఏ నేర్పూ ఏ శ్రమా లేకుండా, అతని ధరలో తగ్గింపు అయింది. వీధి షాపుల గొలుసులున్న బోర్డర్స్ కంపెనీ తన ఆన్‌లైన్ విభాగాన్ని వేరే కంపెనీగా చూపించి ఇదే సౌకర్యం పొందబోయింది. ఆన్‌లైన్‌లో కొన్న పుస్తకాన్ని వీధి షాపులో వాపసు తీసుకుంటున్నారు గనక రెండూ ఒకటేనని 2005లో కాలిఫోర్నియా కోర్టు తేల్చింది. న్యూయార్క్ 2008లో కొత్త చట్టం చేసింది. చివరికి 2018 జూన్‌లో, సౌత్ డకోటా – వేఫేర్ కేసులో, సుప్రీంకోర్టు తన పాత తీర్పును తానే కొట్టేసింది. అప్పటికి కాలం మించిపోయింది. పన్ను సందులో మొలిచిన వ్యాపారం పన్ను కట్టినా కదలనంత మానయింది. 2011లో బోర్డర్స్ గొలుసే మూతబడింది.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ అచ్చు పుస్తకం మీద అమ్మకపు పన్ను లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడూ పుస్తకానికి మినహాయింపే ఇచ్చారు. అయితే ఆన్‌లైన్ అంగడికి, వీధి షాపుకు పన్ను విషయంలో తేడా లేదు కాబట్టి పోటీ న్యాయంగానే వున్నదని అనుకోవాలా? పైకి అలాగే కనిపిస్తుంది. బిల్లు మీద పన్ను దగ్గర సున్న వున్నంత మాత్రాన ధరలో పన్ను లేనట్టు కాదు.

ఇది అర్థం కావటానికి మన కాళ్ల కింది బొగ్గునే ఉదాహరణగా తీసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు ఎత్తేసి, 5 శాతం వున్న జీఎస్టీని 18 శాతం చేశారు. సింగరేణి కంపెనీ తాను కొన్న యంత్రాల మీద, విడిభాగాల మీద కట్టిన పన్నును, బొగ్గు మీద తాను కట్టవలసిన పన్నులో మినహాయించుకుంటుంది. సరుకు మీద పన్ను వున్నది గనకనే వెనక కట్టిన పన్ను తిరిగి వస్తున్నది. పుస్తకం విషయంలో ఇది తలకిందులవుతుంది. పుస్తకం మీద పన్ను లేదు గనక, దాని తయారీలో ప్రచురణకర్త కట్టిన పన్ను తిరిగి రాదు. అచ్చు కాగితం మీద 12 శాతం వున్న పన్ను, బొగ్గు పన్ను పెరిగిన ఆ రోజునే, 18 శాతం అయింది. నోటుపుస్తకాల కాగితానికి మినహాయింపు ఇచ్చారు. పుస్తకాల కాగితానికి ఇవ్వలేదు. రాసుకునే కాగితానికి వున్న పుణ్యం చదువుకునే కాగితానికి లేకపోయింది!

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహకే, పద్ధతి మాత్రం వాస్తవం. అట్టమీద 200 రూపాయలు వేసిన పుస్తకంలో కాగితం ఖర్చు 50 రూపాయలనుకుందాం. దాని మీద పన్ను 9 రూపాయలు. ఆ ప్రతి ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్ముడుపోతే కమీషను, కొరియరు కలిపి 60 రూపాయలనుకుందాం. ఆ సేవల మీద 18 శాతం చొప్పున 10 రూపాయల 80 పైసలు. రెండూ కలిపితే దాదాపు 20 రూపాయలు, అంటే అట్టమీది ధరలో పదో వంతు. పాఠకుడి బిల్లులో ఇది ఎక్కడా కనపడదు. కనపడని పన్నును ఎవరూ నిలదీయరు, పైగా పుస్తకాలకు పన్ను లేదని ప్రభుత్వానికి మంచి పేరు మిగులుతుంది. బ్రిటన్‌లోనూ పుస్తకం మీద పన్ను లేదు. కాని అక్కడ దాన్ని 'సున్న శాతం పన్ను గల సరుకు'గా లెక్కిస్తారు గనక వెనక కట్టిన పన్ను ప్రచురణకర్తకు వాపసు వస్తుంది. మినహాయింపుకూ సున్న శాతానికీ తేడా ఏముందిలే అని తెలుగు మేష్టారు అనుకోవచ్చు. అతని కథల సంపుటి ధరలో ఆ తేడా వున్నది.

రచయిత వైపు నుంచి చూసినా ఇంతే. 2017లో రచయిత రాయల్టీ మీద 12 శాతం పన్ను విధించి, దాన్ని ప్రచురణకర్త నెత్తిన పెట్టారు. ఎలక్ట్రానిక్ పుస్తకానికి మొదట 18 శాతం వేశారు. 2018లో దాన్ని 5 శాతానికి తగ్గించినా, అచ్చు ప్రతి కూడా వున్న పుస్తకాలకే ఆ తగ్గింపు. అంటే అచ్చు వేయించుకునే స్తోమత లేక నేరుగా ఎలక్ట్రానిక్ రూపంలో పుస్తకం తెచ్చిన పేద కవికి ఎక్కువ పన్ను, స్తోమత వున్నవాడికి తక్కువ పన్ను. ఒకే కవిత్వానికి రెండు రేట్లు!

ఇప్పుడు తగ్గింపు దగ్గరికి వద్దాం. పుస్తకం లోపల ఇంత పన్ను దాగివున్నా, ఆన్‌లైన్ అంగడి మూడో వంతు తగ్గించి ఎలా అమ్మగలుగుతున్నది? చాలా వరకు దీనికి జవాబు పుస్తకాల్లో లేదు. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగుళూరులో పుస్తకాల వ్యాపారంగానే మొదలైంది. దానికి వచ్చిన మొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి, జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ది వరల్డ్' కోసం. ఆ ప్రతి వాళ్ల దగ్గర లేదు. బెంగుళూరు పుస్తకాల షాపుల్లో వెతికి సంపాదించి పంపించారు. అంటే ఆన్‌లైన్ వ్యాపారం తీర్చిన మొదటి ఆర్డరు కూడా ఒక మామూలు షాపువాడు తన డబ్బు పెట్టి, అమ్ముడుపోతుందో లేదో తెలియకుండా తెచ్చి బీరువాలో పెట్టుకున్న పుస్తకమే. పదకొండేళ్లు తిరిగేసరికి, 2018లో, అమెరికా వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లకు ఆ కంపెనీలో 77 శాతం వాటా కొన్నది. అమెజాన్ కూడా 2013 జూన్‌లో మన దేశంలో పుస్తకాలు, సినిమాలతోనే అంగడి తెరిచింది.

రెండూ పుస్తకంతోనే ఎందుకు మొదలుపెట్టాయి? సాహిత్యాభిమానం కాదు. పుస్తకం చెడిపోదు, పగలదు. ప్రతి ప్రతీ ఒకే తీరున వుంటుంది గనక చూసి, తడిమి కొనవలసిన పని లేదు. అన్నిటికీ మించి పుస్తకాలు కొనేవాడు చదువుకున్నవాడు, రేపు ఫోను కొంటాడు, ఎల్లుండి ఫ్రిజ్ కొంటాడు. అతనికి ఇంటి గుమ్మం దాకా దారి వెయ్యటానికి పుస్తకం మీద నష్టపోయినా ఫరవాలేదు. అది నష్టం కాదు, గిరాకీని సంపాదించే ఖర్చు. పుస్తకాల షాపువాడికి పుస్తకం తప్ప మరో సరుకు లేదు. వాడు ఆ ఖర్చు ఎక్కడ రాబట్టుకోగలడు? ఇద్దరూ ఒకే రేటు పన్ను కిందే వున్నారు. సమానత్వం అక్కడితో సరి.

విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైన్ అంగడి కేవలం సంతస్థలంగా వుండాలనీ, సరుకుల ధరను నేరుగా గాని చాటుగా గాని ప్రభావితం చెయ్యకూడదనీ కేంద్ర ప్రభుత్వం 2016లోనే షరతు పెట్టింది. 2018 డిసెంబరులో దాన్ని మరింత బిగించింది. ప్రధానంగా ఫోన్ల అమ్మకాల్లో భారీ తగ్గింపులు, కొందరు అమ్మకందార్ల పట్ల పక్షపాతం జరుగుతున్నాయన్న ఫిర్యాదు మీద పోటీ కమిషన్ 2020 జనవరిలో విచారణకు ఆదేశించింది. ఫోన్ల వ్యాపారులకు సంఘాలున్నాయి, వకీళ్లున్నారు. జిల్లాల్లోని తెలుగు పుస్తకాల షాపులు అంత దూరం పోగలవా?

"అయినా పాఠకుడికి లాభమే గదా!" అన్న వాదన మిగిలే వుంటుంది. ఇది తీసిపారెయ్యదగ్గ వాదన కాదు. గని కార్మికుడి కూతురు పోటీపరీక్ష పుస్తకం కోసం అరవై కిలోమీటర్ల పైచిలుకు కరీంనగర్ పోయి, బస్సు చార్జీ పెట్టుకుని, ఆ పుస్తకం లేదనిపించుకుని తిరిగి వచ్చిన రోజులు వున్నాయి. ఇవాళ ఆ పుస్తకం క్వార్టరు గుమ్మంలోకి వస్తున్నది. ఇది నిజమైన సౌకర్యం. దీన్ని కాదనేవాడు ఆ అమ్మాయి కష్టం ఎరగనివాడు. అసలు చౌకను వ్యతిరేకించటం అభ్యుదయవాదుల పని ఎన్నడూ కాదు. కాని చౌకలో రకాలున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది పాఠకులు తమకు తాము ఏర్పరచుకున్న చౌక. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు పెట్టిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారులను చేర్చుకుని, వాళ్ల అండతో చరిత్ర, శాస్త్ర గ్రంథాలను అందుబాటు ధరలకు అందించింది. పుస్తకం ఎవరికోసమో ముందే తెలుసు గనక నష్టభయం తగ్గింది, ధరా తగ్గింది. రెండవది ప్రభుత్వాలు భరించిన చౌక. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు మన వూళ్లకు నామమాత్రపు ధరలకు వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు అక్కడికి వెళ్లి అనువాదాలు చేశారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు కూడా ఈ కోవలోవే. మూడవది ఇప్పటి పెట్టుబడి ఇచ్చే చౌక.

రెండవ రకాన్ని మనం ఎంత ప్రేమించినా దాని గుణపాఠం మరచిపోకూడదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగానే ఆ పుస్తకాలు ఆగిపోయాయి. గోర్కీని, టాల్‌స్టాయ్‌ని పది రూపాయల లోపు కొనుక్కున్న తరం ఆ తర్వాత పాత పుస్తకాల బండ్ల దగ్గర వాటినే వెతుక్కున్నది. ఎవరో దూరాన వుండి ఇచ్చే చౌక, ఆ ఇచ్చేవాడున్నంత కాలమే. ఇచ్చేవాడి ఉద్దేశం ఎంత ఉదాత్తమైనా ఇది తప్పలేదు. ఇక లాభం తప్ప మరో ఉద్దేశం లేనివాడి చౌక ఎంతకాలం నిలుస్తుంది? గిరాకీ చేతికి చిక్కేదాకా. వీధి షాపు మూతబడి పోటీ పోయిన తర్వాత తగ్గింపు ఇవ్వవలసిన అగత్యం వాడికి లేదు. మూతబడిన షాపు మాత్రం మళ్లీ తెరుచుకోదు.

ఈ చౌక సాహిత్య రూపాలనే మార్చేస్తున్నదన్న సంగతిని విమర్శకులు ముఖ్యంగా గమనించాలి. 60 పేజీల కవితా సంపుటి వెల 60 రూపాయలైతే దాన్ని ఇంటికి పంపే ఖర్చు దాదాపు అంతే అవుతుంది. 600 రూపాయల బరువైన సంపుటానికి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. గనక ఆన్‌లైన్ వ్యాపారం లావు పుస్తకాన్ని, ఖరీదైన పుస్తకాన్ని ముందుకు తెస్తుంది. చిన్న పుస్తకాన్ని వెనక్కు నెడుతుంది. అభ్యుదయ సాహిత్యం పెరిగింది చిన్న పుస్తకాలతో. 1950లో వెలువడిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' పలచని పుస్తకం. బుర్రకథ, నాటిక, కరపత్రం, సభ దగ్గర బల్ల మీద పరిచి అమ్మే చిన్న వ్యాససంపుటి – ఇవన్నీ చేతి నుంచి చేతికి వెళ్లిన రూపాలు. ఇవాళ ప్రచురణకర్త కవి దగ్గర మూడు సంపుటాలు కలిపి ఒక బౌండు వేద్దామంటున్నాడంటే, అది కవి పరిణతికి గుర్తు కాదు, కొరియరు రేటుకు గుర్తు. తగ్గింపు ఎలాగూ ఇవ్వాలి గనక అట్టమీది ధరను ముందే పెంచి వేసే ప్రచురణకర్తలూ వున్నారు. అప్పుడు తగ్గింపూ లేదు, చౌకా లేదు. షాపులో పూర్తి ధర పెట్టి కొన్న అమాయకుడు మాత్రం దండుగ కడతాడు.

ఇదివరకు చిన్న పుస్తకాన్ని బతికించింది తపాలా శాఖ. రిజిస్టర్డు బుక్‌పోస్టు రేటు మీద ఎన్నో చిన్న పత్రికలు, సొంత ప్రచురణలు నడిచాయి. 2024 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు. 2025 మే 1న 'జ్ఞాన్ పోస్ట్' అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. మంచిదే గాని, అందులో పత్రికలకు చోటు లేదు. వ్యాపారి పుస్తకాన్ని ఉచితంగా ఇంటికి చేరుస్తానంటున్న రోజుల్లో ప్రభుత్వం తన బండి మీద ఎక్కించుకునే పుస్తకాలకు షరతులు పెడుతున్నది.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే మనకు దారి కొంత కనపడుతుంది. ఫ్రాన్సు 1981లోనే చట్టం చేసి, పుస్తకం ధర ప్రచురణకర్త నిర్ణయించిందే వుండాలనీ, ఎవరైనా 5 శాతానికి మించి తగ్గించకూడదనీ కట్టడి చేసింది. ఆన్‌లైన్ అంగళ్లు ఆ 5 శాతానికి తోడు ఉచిత రవాణా ఇస్తే, 2014లో ఆ రెండూ కలిపి ఇవ్వరాదన్నది. అమెజాన్ రవాణా చార్జీ ఒక్క సెంటు పెట్టి చట్టాన్ని వెక్కిరించింది. 2021లో మరో చట్టం చేసి, 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు ఆర్డరుకు కనీసం 3 యూరోల రవాణా చార్జీ తప్పనిసరి చేశారు. బ్రిటన్ ఇందుకు విరుద్ధం. 1900 నుంచి అమల్లో వున్న స్థిరధర ఒప్పందం 1995లో కూలింది, 1997లో కోర్టు దాన్ని చెల్లదన్నది. అప్పుడు బాగుపడింది సూపర్‌మార్కెట్లు, ఆన్‌లైన్ కంపెనీలు.

ఫ్రాన్సు చట్టాన్ని యథాతథంగా ఇక్కడికి తెద్దామని నేననటం లేదు. అక్కడ వూరూరా సర్కారు గ్రంథాలయం వున్నది. కొనలేనివాడు అక్కడ చదువుతాడు. మన దగ్గర ఆ ఏర్పాటు బాగుచెయ్యకుండా తగ్గింపును మాత్రం నిషేధిస్తే ఆ భారం గని కార్మికుడి కూతురి మీదనే పడుతుంది. గనక పని అటు నుంచి మొదలుపెట్టాలి.

అందుకు డబ్బు లేదనే మాట అబద్ధం. పుస్తకం మీద పన్ను లేదు గాని, పుస్తకం కోసం మన దగ్గర ఒక పన్ను వున్నది. అది గ్రంథాలయ సుంకం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున దాన్ని ప్రజల దగ్గర వసూలు చేస్తున్నారు. మునిసిపాలిటీలు, పంచాయితీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. ఎన్నో చోట్ల ఆ జమ ఏళ్ల తరబడి బకాయి పడుతుందన్నది గ్రంథాలయోద్యమంలో వున్నవారందరికీ తెలిసిన విషయమే. ఆన్‌లైన్‌లో 30 రూపాయల తగ్గింపు చూసి సంతోషించే పాఠకుడు, తన ఇంటిపన్నులోనే కట్టిన పుస్తకాల డబ్బు ఏమైందని అడగటం లేదు. రామగుండం కార్పొరేషనులో ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబానికీ ఆ ప్రశ్న అడిగే హక్కున్నది.

అడగవలసినవి మరి రెండున్నాయి. పుస్తకాన్ని మినహాయింపు జాబితా నుంచి సున్న శాతం పన్ను సరుకుల్లోకి మార్చి, కాగితం మీద కట్టిన పన్ను వాపసు ఇవ్వాలి. తపాలాలో పత్రికలతో సహా ప్రతి అచ్చు పుట మీదా ఒకే రాయితీ రేటు వుండాలి. ఈ రెండూ జరిగితే వచ్చే చౌక ఏ కంపెనీ దయా కాదు. దాన్ని ఎవరూ ఒక తెల్లవారుజామున ఉపసంహరించుకోలేరు. ఇక మనంతట మనం చెయ్యదగ్గది విజ్ఞానచంద్రిక వందేళ్ల కిందటే చేసి చూపించింది. కాలేజీలో నలభై మంది విద్యార్థులు కలిసి ఒక పుస్తకం నలభై ప్రతులు నేరుగా ప్రచురణకర్త దగ్గర తెప్పించుకుంటే ఏ ఆన్‌లైన్ తగ్గింపూ దానికి సాటిరాదు. కమీషనూ లేదు, దాని మీద పన్నూ లేదు. కార్మిక సంఘాలు తలుచుకుంటే నలభై స్థానంలో నాలుగు వందలవుతాయి. బియ్యం, పప్పుల్లో సాధ్యమైన సహకారం పుస్తకాల్లో అసాధ్యం కావటానికి కారణం లేదు.

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ ఈ బొగ్గు ప్రాంతపు బతుకును కథలుగా, నవలలుగా రాశారు. వాటిని పెద్ద వ్యాపారం కనిపెట్టలేదు, అమ్మిపెట్టలేదు. చేతి సంచుల్లో, సభల బల్లల మీద, చిన్న షాపుల మూలల్లో అవి పాఠకులను చేరాయి. రేపు ఈ గనుల మీద రాయబోయే రచయితకు ఆ దారులు వుంటాయా, వుండవా అన్నది ఇప్పుడు మనం పుస్తకం కొనే పద్ధతి మీద ఆధారపడి వున్నది. ఒక పుస్తకం వెల ఎంత అని అడగటం పాఠకుడి హక్కు. ఆ వెల తగ్గితే ఎవరు తగ్గించారు, ఎందుకు తగ్గించారు, రేపు కూడా తగ్గిస్తారా అని అడగటం విమర్శకుడి బాధ్యత.